విశాఖ–భీమిలి తీరం: కుటుంబ విహార స్థలాలు

విశాఖపట్నం రామకృష్ణ బీచ్ దగ్గర మొదలై, ఉత్తరాన గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నం వరకు సాగే సుమారు 25 కిలోమీటర్ల తీరం ఇది. తెలుగువాళ్లకు సముద్రం చూడటమంటే మొదట గుర్తుకొచ్చే చోట్లలో ఒకటి. కృష్ణా, గోదావరి డెల్టాల తీరం బల్లపరుపుగా ఉంటుంది. ఒండ్రునేల, మడ అడవులు, చేపల చెరువులు దాటితే గానీ అల కనిపించదు. విశాఖ దగ్గర మాత్రం తూర్పు కనుమల కొండలు నేరుగా నీళ్లదాకా దిగివస్తాయి. ఈ తీరంలో చూడదగ్గవాటిలో చాలావాటికి మూలం ఆ దగ్గరితనమే. బౌద్ధ భిక్షువులు సముద్రం కనిపించే కొండలను ఎంచుకుని విహారాలు కట్టుకున్నారు. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగా ఉండటం వల్ల ఓడరేవుకు రక్షణ దొరికింది. 1933లో రేవు ప్రారంభమైంది, తర్వాత తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఇక్కడే ఏర్పడింది.

బయటి ఊళ్ల నుంచి వచ్చే కుటుంబాలు సాధారణంగా ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌లో, ఒక పూట కైలాసగిరి మీద గడిపి, మర్నాడు అరకు రైలెక్కుతాయి. నగరానికీ భీమిలికీ మధ్య ఉన్న దారి కారు అద్దంలోంచి కనిపించి వెళ్లిపోతుంది. నిజానికి ఈ ప్రాంతపు అసలు సంపద ఆ దారి మీదే ఉంది. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే.

చేరుకోవడం

తెలంగాణకు సముద్రం లేదు. అందుకే సెలవులు వస్తే హైదరాబాద్ నుంచి, దాని శివార్ల నుంచి విశాఖకు బయల్దేరే కుటుంబాలు చాలా. హైదరాబాద్–విశాఖ మధ్య 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ అందరికీ తెలిసిన బండి. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగవచ్చు. పగటి ప్రయాణం కావాలనుకునేవారికి 2023 జనవరి 15న సికింద్రాబాద్ నుంచి మొదలైన వందే భారత్ ఉంది. కారులో వెళ్లేవారికి సుమారు 620 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం, మన్నెగూడ వైపు ఉన్నవారు నగరంలోకి వెళ్లే పని లేకుండా బొంగుళూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ జాతీయ రహదారి పట్టవచ్చు. విజయవాడ నుంచి ఏలూరు, రాజమహేంద్రవరం, తుని, అనకాపల్లి మీదుగా దారి. చిన్నపిల్లలతో ఒక్క రోజులో ఇంత దూరం లాగడం కంటే రాజమహేంద్రవరంలో రాత్రి ఆగి, పొద్దున గోదావరి చూసి కదలడం మంచిది.

రామకృష్ణ బీచ్, నౌకాదళ ప్రదర్శనశాలలు

ఒడ్డున ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల ఈ బీచ్‌కు ఆ పేరు వచ్చింది. వాడుకలో ఆర్కే బీచ్. తూర్పు ముఖంగా ఉన్న తీరం కాబట్టి ఇక్కడ చూడవలసింది సూర్యోదయం. తెల్లవారుజామున బీచ్ రోడ్డు నడిచేవాళ్లతో, పరుగెత్తేవాళ్లతో నిండి ఉంటుంది. సాయంత్రం దృశ్యం వేరు: మురీ మిక్స్చర్ బళ్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, మిరపకాయ బజ్జీలు, గాలిపటాలు, గుర్రపు స్వారీ. రెండు పూటలూ చూడాలి. ఒక్కటే వీలైతే పొద్దుటి పూటనే ఎంచుకోవాలి. ఆ వేళ జాలర్ల పడవలు కూడా నీటి మీద కనిపిస్తాయి.

పిల్లలున్న ఏ కుటుంబమూ వదులుకోకూడనిది ఐఎన్ఎస్ కురుసుర. సోవియట్ యూనియన్‌లో తయారైన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి ఇది. 1969 డిసెంబరులో రిగా రేవులో భారత నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి పొందింది. తర్వాత దాన్ని ఒడ్డుకు లాగి, ఇసుకలో పునాది మీద నిలిపి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు. దక్షిణాసియాలో ఇలాంటిది ఇదే మొదటిది.

91 మీటర్ల పొడవున్న ఈ ఓడ బయటినుంచి పెద్దగానే కనిపిస్తుంది. లోపలికి వెళ్తే మనిషికి మిగిలిన చోటు ఎంత తక్కువో తెలుస్తుంది. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య గుండ్రటి ఉక్కు ద్వారాలున్నాయి. పిల్లలు వాటిలోంచి ఇట్టే దూరిపోతారు. పెద్దలు తల వంచి, ఒక కాలు ముందు పెట్టి, ఆ తర్వాత నడుము వంచి దాటాలి. ముందు భాగంలో ఆరు, వెనక నాలుగు టార్పిడో గొట్టాలు ఉన్నాయి. మొత్తం 22 టార్పిడోలు మోసేది. వాటి దగ్గరే నావికుల పడక బల్లలు, ఒకదాని మీద ఒకటి. కిటికీ అన్నది లేదు. గోడల నిండా కవాటాలు, చక్రాలు, గొట్టాలు, మీటర్లు. వాటి మీద రష్యన్ అక్షరాలు. వంటగది ఒక మనిషి నిలబడటానికి సరిపోయేంత. డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి ఎండ చూడకుండా ఇందులో బతికారని నౌకాదళంలో పనిచేసి వచ్చిన గైడు చెబుతుంటే, అప్పటిదాకా గోల చేస్తున్న పిల్లలు కూడా ఆగి వింటారు. గైడు మాటలు వినకుండా వరుసలో ముందుకు నడిచి బయటపడితే పది నిమిషాల్లో అయిపోతుంది, ఏమీ మిగలదు. ఆగి ప్రశ్నలు అడగనివ్వండి.

రోడ్డుకు అవతల టీయూ–142 విమానం ఉంది. సముద్రం మీద చాలా దూరం ఎగిరి జలాంతర్గాములను వెతకడానికి వాడిన విమానం ఇది. 1988 నుంచి 2017 వరకు, 29 ఏళ్లలో ఈ తరహా విమానాలు సుమారు 30,000 గంటలు ప్రమాదమన్నది లేకుండా ఎగిరాయి. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రదర్శనశాలను ప్రారంభించారు. దాగేది ఒకవైపు, వెతికేది మరోవైపు, మధ్యలో ఒక రోడ్డు. రెండూ ఒకే సాయంత్రం వరుసగా చూస్తే ఒకటి ఇంకోదాన్ని అర్థం చేయిస్తుంది.

దగ్గర్లోనే 1971 యుద్ధ స్మారకం, ‘విక్టరీ ఎట్ సీ’, 1996లో కట్టారు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు వెలుపల మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడి వల్ల మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. తాను పరిచిన మందుపాతర పేలడం వల్లనో, మరో ప్రమాదం వల్లనో మునిగిందని పాకిస్తాన్ వాదన. ఈ తీరానికి యుద్ధం దూరపు మాట కాదు. అంతకు ముందు 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. వాటిలో ఒకదాని తొడుగు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పాత డచ్ భవనంలో 1991లో తెరిచిన ఆ మ్యూజియంలో జమీందారీ కాలపు ఆయుధాలు, నాణేలు, పాత పటాలు కూడా ఉన్నాయి. ఎండ ఎక్కువైన వేళ తలదాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు బీచ్ రోడ్డులో లేదు.

మత్స్యదర్శిని అక్వేరియం, వుడా పార్కు చిన్నపిల్లలకు నచ్చుతాయి. పాతనగరంలో రేవు పక్కన మూడు గుట్టల మీద చర్చి, దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి పక్కపక్కనే ఉన్నాయి. చర్చి ఉన్న రాస్ హిల్ మీది నుంచి ఓడలు రేవులోకి వచ్చే సన్నటి కాలువను పైనుంచి చూడవచ్చు. ఓడ రాకపోకలు గమనించడానికి పిల్లలకు ఇదే సరైన చోటు.

కైలాసగిరి నుంచి ఋషికొండ వరకు

కైలాసగిరి సముద్రానికి ఆనుకున్న కొండ. పైన శివపార్వతుల పెద్ద తెల్లటి విగ్రహాలు, కొండ చుట్టూ తిరిగే బొమ్మ రైలు, కింది నుంచి రోప్‌వే. పైనుంచి చూస్తే ఒకవైపు నగరం వంపు, మరోవైపు ఋషికొండ దాకా తీరం. 2014 అక్టోబరు 12న గంటకు 185 కిలోమీటర్ల దాకా గాలులతో హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు ఈ కొండ మీది చెట్లు, రోప్‌వే, కట్టడాలు బాగా దెబ్బతిన్నాయి. నగరంలోని చెట్లు వేల సంఖ్యలో కూలాయి. ఇప్పుడు కనిపించే పచ్చదనంలో చాలా భాగం ఆ తర్వాత పెంచుకున్నది.

కొండ దిగువన తెన్నేటి పార్కు. స్వాతంత్ర్య సమరయోధుడు, విశాఖ ఉక్కు ఉద్యమ నాయకుల్లో ఒకరైన తెన్నేటి విశ్వనాథం పేరు పెట్టారు. ఇక్కడి రాళ్ల మధ్య నీళ్లు నిలిచే గుంటల్లో చిన్న పీతలు, నత్తలు, సముద్రపు నాచు ఉంటాయి. ఆటు సమయంలో, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు పిల్లలతో చూడవచ్చు. రాళ్ల మీద నాచు జారుతుంది కాబట్టి చెప్పులు విప్పి ఎక్కనివ్వకూడదు. 2020 అక్టోబరులో వాయుగుండం వల్ల గాలికి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘మా’ ఈ పార్కు దగ్గరే ఒడ్డెక్కి ఇరుక్కుపోయింది. కొన్నాళ్లు దాన్ని చూడటానికే జనం వచ్చారు.

ఋషికొండ బీచ్ 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. నీటి శుభ్రత, భద్రత, సౌకర్యాలు, పర్యావరణ అవగాహన వంటి కొలమానాలు చూసి డెన్మార్క్‌లోని సంస్థ ఇచ్చే గుర్తింపు అది. ఒకసారి వస్తే సరిపోదు, ఏటా నిలబెట్టుకోవాలి. ఇక్కడ గుర్తులు కట్టిన ఈత హద్దు, కాపలాదారులు, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. స్పీడ్ బోట్లు, జెట్ స్కీ, కయాకింగ్ వంటివి ఉన్నాయి. ఈ తీరంలో నీళ్లలోకి దిగాలనుకునే కుటుంబానికి చెప్పదగ్గ చోటు ఇదొక్కటే.

నీళ్లలోకి దిగే ముందు

ఈ మాట విడిగా, కొంచెం వివరంగా చెప్పాలి. విశాఖ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. వారిలో చాలామంది సముద్రం అలవాటు లేని ఊళ్ల నుంచి వచ్చిన యువకులు. ఇక్కడ ఒడ్డు చాలాచోట్ల ఒక్కసారిగా లోతవుతుంది. మోకాళ్ల లోతు నుంచి రెండడుగులు వేస్తే మెడలోతు. దానికి తోడు రిప్ కరెంట్లు.

అలలు వరుసగా ఒడ్డుకు నీళ్లు తోస్తూ ఉంటే ఆ నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా. ఇసుక దిబ్బల మధ్య పల్లం దొరికిన చోట అవన్నీ కలిసి సన్నటి కాలువలా వేగంగా సముద్రంలోకి పోతాయి. అదే రిప్ కరెంట్. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా లాక్కుపోతుంది. ఒడ్డున నిలబడి చూస్తే రెండు పక్కలా అలలు విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో లేదా ఇసుక కలిసి మట్టిరంగులో ఉంటుంది. అలలు లేవు కాబట్టి పిల్లలకు ఇక్కడే మంచిదని తల్లిదండ్రులు సరిగ్గా ఆ చోటునే ఎంచుకుంటారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

అందులో చిక్కుకున్నవారు ఒడ్డువైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. ఎదురీదకుండా తేలుతూ ఉండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే కొద్ది దూరంలోనే ఆ ప్రవాహం నుంచి బయటపడతారు. అప్పుడు అలలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రానివారు చేయెత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవారు వెంటనే దూకకూడదు. తేలే వస్తువేదైనా, ఖాళీ నీళ్ల డబ్బా అయినా సరే, విసిరి కాపలాదారుణ్ని పిలవాలి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన సంఘటనలు ఈ తీరంలో తక్కువేమీ కాదు. డాల్ఫిన్స్ నోస్ అవతల ఉన్న యారాడ బీచ్ చాలా అందమైనది, కానీ స్నానానికి పనికిరాదు. భీమిలి దగ్గర నది కలిసే చోటు కూడా అంతే. చీలమండలు తడిసే లోతు చాలు. పిల్లల చెయ్యి వదలకండి. మద్యం తాగినవాళ్లను నీళ్ల దగ్గరికి రానివ్వకండి.

తొట్లకొండ, బావికొండ

ఋషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే, నగరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో తొట్లకొండ వస్తుంది. 1976లో నౌకాదళం ఒక స్థావరం కోసం విమానం నుంచి సర్వే చేస్తుండగా ఈ కొండ మీద కట్టడాల ఆనవాళ్లు కనిపించాయి. ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ 1988 నుంచి 1992 వరకు తవ్వకాలు జరిపింది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తుశకం రెండో శతాబ్దం దాకా బాగా వర్ధిల్లిన బౌద్ధారామం బయటపడింది. మహాస్తూపం, చైత్యగృహాలు, స్తంభాల మండపం, భిక్షువుల గదుల వరుసలు, భోజనశాల పునాదులు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కొండ కింద ఉన్న సముద్రం ఆనాడు వ్యాపార మార్గమని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పిల్లలకు చూపించవలసింది స్తూపం కంటే నీళ్ల ఏర్పాటు. కొండ శిఖరాన బావి తవ్వితే నీళ్లు పడవు. అందుకని భిక్షువులు రాతినే తొలిచి తొట్లు చేశారు. వాన నీళ్లు వాటిలోకి చేరేలా వాలు చూసుకున్నారు. ఆ వాన నీళ్లతోనే ఇంతమంది భిక్షువుల కాపురం సాగింది. ఒక గది పునాదిలో పిల్లవాణ్ని నిలబెట్టి, ఇందులో ఒక మనిషి పడుకునేవాడు, చదువుకునేవాడు అని చెబితే చరిత్ర పాఠం దానంతటదే మొదలవుతుంది. గుమ్మం బయట నిలబడితే ఎదురుగా బంగాళాఖాతం.

2019 అక్టోబరు వానలకు మహాస్తూపం కొంత భాగం కూలిపోయింది. రెండు వేల ఏళ్లు నిలిచిన చోటు మన చేతికి వచ్చిన కొద్ది కాలంలోనే ఇలా కావడం బాధ కలిగించే విషయం. స్తూపాల మీదికి ఎక్కడం, ఇటుకల మీద కూర్చుని ఫొటోలు దిగడం మానుకోవాలని చూసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సి రాకూడదు, కానీ చెప్పాల్సి వస్తోంది.

మధురవాడ దగ్గరి బావికొండ, భీమిలి దగ్గరి పావురాలకొండ కూడా బౌద్ధ క్షేత్రాలే. బావికొండలో ధాతువు ఉంచిన పాత్ర దొరికింది. ఒక్కటే చూడగలిగితే తొట్లకొండ చాలు. కింద మంగమారిపేట జాలరిపల్లె దగ్గర సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. ఆటు సమయంలో బాగా కనిపిస్తుంది.

ఎర్రమట్టి దిబ్బలు

ఈ తీరంలో అన్నిటికంటే అరుదైనది ఇదే. భీమిలికి కొంచెం ముందు, రోడ్డుకు పక్కన, ఇటుకరంగు ఇసుక దిబ్బలు. వాటిని వాన కోసి చేసిన లోతైన వాగులు, నిటారైన గోడలు, చిక్కుదారులు. కొన్నిచోట్ల గోడలు 30 మీటర్ల దాకా లేస్తాయి. చివరి మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే చాలా కిందికి పడిపోయి, ఒడ్డు ఎంతో దూరం వెనక్కి జరిగింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి ఇక్కడ దిబ్బలుగా పోసింది. తర్వాతి వేల ఏళ్లలో ఇసుకలోని ఇనుప ఖనిజాలు గాలికీ తేమకూ మారి ప్రతి రేణువుకూ ఎర్రటి పూత పట్టించాయి. ఉష్ణమండల తీరాల్లో ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో తప్ప పెద్దగా కనిపించవు.

ఒక గోడ దగ్గర నిలబడి చూస్తే పొరలు తెలుస్తాయి: అడుగున గట్టిపడ్డ ముదురు ఎరుపు, పైన లేత ఎరుపు, ఆపైన పసుపు ఇసుక. గోటితో గీకితే రాలిపోతుంది. వేల ఏళ్లు నిలిచిన గోడ అంత మెత్తన. అందుకే దిబ్బల అంచులు ఎక్కడం, పైనుంచి జారడం ఇటు మనిషికీ అటు దిబ్బకూ ప్రమాదమే. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు ఇది కూడా చేరింది. గుర్తింపులు ఒకవైపు వస్తుండగా మరోవైపు చుట్టూ ఇళ్ల స్థలాలు, రోడ్లు, చదును చేసే యంత్రాలు దగ్గరికి వస్తూనే ఉన్నాయి. దిబ్బలకు పైనుంచి వచ్చే నీటిదారి మారినా, పక్కన నేల చదునైనా ఈ వాగుల ఆకారం మారిపోతుంది. కంచె ఒక్కటే వేసి కాపాడగలిగిన చోటు కాదిది.

సినిమాల్లో ఈ దిబ్బలు చూసినవారు చాలామంది. పొద్దున తొమ్మిదిలోపు గానీ, సాయంత్రం నాలుగు తర్వాత గానీ వెళ్లాలి. మధ్యాహ్నం ఇసుక కాళ్లు కాలుస్తుంది, నీడ ఉండదు. వాగుల్లో దారి తప్పడం సులువు కాబట్టి పిల్లలను కళ్లముందే ఉంచుకోవాలి. జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు దాటితే సముద్రం.

భీమిలి

భీమునిపట్నం పదిహేడో శతాబ్దం నుంచి డచ్చివారి వ్యాపార స్థావరం. 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1861లో ఏర్పడిన పురపాలక సంఘం దేశంలోని పాతవాటిలో ఒకటి. ఇప్పుడు ఆ వైభవం ఏమీ లేదు, ప్రశాంతత ఉంది. సముద్రానికి దగ్గర్లో డచ్చివారి సమాధుల తోట, పాత బంగళాలు, దీపస్తంభం, గడియార స్తంభం ఒక గంట నడకలో చూడవచ్చు. సమాధుల్లో కొన్ని గోపురంలా సన్నగా పైకి లేస్తాయి. రాళ్ల మీద చెక్కిన పేర్లు, ఓడ గుర్తులు ఇంకా చదవవచ్చు. కె. బాలచందర్ 1978లో తీసిన ‘మరో చరిత్ర’లో ఈ తీరం కనిపిస్తుంది. ఆ సినిమా చూసి పెరిగిన తాతయ్యలకు, అమ్మమ్మలకు ఇక్కడ మనవలతో చెప్పుకోవడానికి చాలానే ఉంటుంది.

గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. బొర్రా, భీమిలి రెండూ ఒకే ప్రయాణంలో చూసేవారికి ఇది గుర్తుంటే మంచిది: నది మొదలూ చివరా రెండూ చూసినట్టే.

జాలరిపేటలు, చేపలు

తీరం పొడుగునా పెద్దజాలరిపేట, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట వంటి పల్లెల్లో జాలరి, వాడబలిజ కుటుంబాలు ఉన్నాయి. చెక్క తెప్పల స్థానంలో ఫైబర్ పడవలు వచ్చాయి. పొద్దున్నే ఒడ్డు నుంచి అలివి వల లాగడం అదృష్టం ఉంటే కనిపిస్తుంది: వల రెండు కొసలూ రెండు గుంపులు పట్టుకుని, పాట పాడుతూ వెనక్కి నడుస్తూ లాగుతారు. దగ్గర నిలబడి చూడవచ్చు, అడిగితే తాడు పట్టనిస్తారు. అది వాళ్ల పని అన్న సంగతి మరిచి సెల్‌ఫోన్లతో అడ్డుపడకూడదు.

రేవు పక్కన ఉన్న ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామునే వేలం సాగుతుంది. వంజరం, చందువా, నెత్తళ్లు, రొయ్యలు, పీతలు గంపల్లో వస్తాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరబోట్ల వేట నిషేధం. వేసవి సెలవుల్లో వెళ్లేవారికి అందుకే హార్బరులో కట్టేసిన బోట్ల వరుసలు, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు కనిపిస్తారు. అదీ చూడదగ్గదే.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖ ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగించి, తాబేలు పిల్లలను సముద్రంలోకి వదులుతుంది. రాత్రి బీచ్‌లో టార్చిలైట్లు వేయడం, ప్లాస్టిక్ పారేయడం తాబేళ్లకు చేటు.

కొండవైపు

జంతువులను చూడాలంటే 1977లో తెరిచిన ఇందిరాగాంధీ జూపార్కు ఉంది. దాని వెనక కంబాలకొండ అభయారణ్యంలో నడకదారులు, పడవ షికారు ఉన్నాయి. తీరం ఎండ నుంచి ఒక పూట విరామానికి బాగుంటుంది.

సింహాచలం నగరానికి పడమట కొండ మీద ఉంది. వరాహలక్ష్మీనరసింహస్వామి మూర్తి ఏడాదంతా చందనపు పూతలో ఉంటుంది. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రమే పూత తీసి నిజరూప దర్శనం ఇస్తారు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడికి వచ్చినట్టు శాసనం ఉంది. చిన్నపిల్లలతో చందనోత్సవం రోజు వెళ్లకపోవడమే మంచిది. రద్దీ ఊహకు అందదు. మామూలు రోజుల్లో కల్యాణమండపం స్తంభాల శిల్పం తీరిగ్గా చూడవచ్చు. సింహాచలం సంపెంగలు, అనాస పండ్లు కొనకుండా రాకండి.

అరకు గురించి తెలుగు కుటుంబాలకు కొత్తగా చెప్పవలసింది తక్కువ. సుమారు 115 కిలోమీటర్లు. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు దారి ఇప్పుడు పర్యాటకులకు వరమైంది. విశాఖ నుంచి అరకు చేరేలోపు ఎన్నో సొరంగాలు, వంతెనలు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా ఉంది, టికెట్లు ముందే అయిపోతాయి. వెళ్లేటప్పుడు రైలు, తిరుగు ప్రయాణంలో రోడ్డు మీద బొర్రా గుహలు చూస్తూ రావడం అందరూ పాటించే పద్ధతి, అదే సరైనది కూడా. గిరిజన మ్యూజియం, కాఫీ, బొంగు చికెన్ అక్కడి ఆకర్షణలు.

అరకు వెళ్లే ఓపిక లేనివారికి నేను ముందు చెప్పేది ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున, విశాఖకు 60 కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్ నుంచి కారులో వచ్చేవారికి దారిలోనే. ఇక్కడ అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. కర్ర ముక్కను లేత్ యంత్రం మీద తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. తిరుగుతున్న బొమ్మకు రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో అదిమితే నునుపు తేలుతుంది. రంగులు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీస్తారు కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకూ ఇవ్వవచ్చు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. బొంగరాలు, గిలక్కాయలు, లక్కపిడతలు తయారయ్యే తీరు పిల్లలు కళ్లారా చూసి, చేసినవారి దగ్గరే కొనుక్కోవచ్చు. బేరం ఆడకపోతే ఆ చేతిపనికి మేలు.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో, డిసెంబరు మొదటి పక్షంలో తుపానుల భయం ఉంటుంది కాబట్టి వాతావరణ శాఖ సూచన చూసుకుని బయల్దేరాలి. హెచ్చరిక జెండా ఎగురుతుంటే ఆకాశం ఎంత తేటగా ఉన్నా నీటి దగ్గరికి వెళ్లకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. విశాఖలో విన్యాసాలు జరిగే ఏడాది ఆర్కే బీచ్ కిక్కిరిసిపోతుంది, బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు, గదులు ముందే నిండిపోతాయి. కురుసుర పనిదినాల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. కురుసురకూ జూపార్కుకూ సోమవారం సెలవు. ఆ రోజును తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలికి పెట్టుకుంటే సరిపోతుంది.